బూదోని మోకాళ్ళు

మొన్న మంగళవారం ప్రొద్దుటూరులో మందుల షాపు ముందర నిలబడి నా బీపీ మాత్రల చీటీ చూపిస్తున్నాను. ఒక అమ్మాయి స్కూటీ ఆపి వచ్చి నా పక్కన నిలబడి, "అన్నా, మోకాళ్ళ నొప్పుల మాత్రలు ఒక అట్ట ఇయ్యి" అని అడిగింది. ఆ పిల్లకు పాతికేళ్ళు కూడా ఉండవు. ఈ వయసుకే మోకాళ్ళు పట్టుకున్నాయా పాపం అని నేను లోపల జాలిపడుతున్నాను. షాపాయన "ఎవరికిమ్మా?" అంటే, "మా కుక్కకన్నా. మెట్లెక్కలేకుండా ఉంది" అంది. ఆయన ఏమీ ఆశ్చర్యపోకుండా అట్ట తీసి కత్తెర అందుకున్నాడు. ముప్పై ఏళ్ళు బడిలో అరిచిన గొంతు నాది, ఊరికే ఉంటుందా? "ఆగప్పా, అది ఇయ్యొద్దు. మనుషుల మాత్ర కుక్కకు పడదు, కడుపులో పుండ్లు పడతాయి" అన్నాను. అంతటితో ఆగినా బాగుండేది. చెప్పేవాళ్ళకు వినేవాళ్ళు లోకువ అన్నట్టు, పశువుల ఆస్పత్రికి తీసుకుపొమ్మని, మాత్ర ఎప్పుడూ తిన్నాకే వెయ్యమని, రోజూ పెంట రంగు చూస్తుండమని, ఆ అమ్మాయిని ఎండలో నిలబెట్టి పావుగంట పాఠం చెప్పాను. మా వెనక నిలబడినవాళ్ళు పెంట అన్న మాటకు ముఖాలు తిప్పుకున్నారు. ఆ పిల్ల మాత్రం బుద్ధిగా విని, "ఇవన్నీ మీకెట్ల తెలుసు పెద్దమ్మా?" అని అడిగింది. మందుల షాపు ముందర చెప్పేంత చిన్న జవాబు కాదది. "తెలుసులే పాపా" అని ఇంటికి వచ్చేశాను. వచ్చినప్పటి నుంచి మా చిన్నాయనా, ఆయన కుక్కా నా కళ్ళ ముందరే తిరుగుతున్నారు.

చిన్నాయన అంటే మా నాయన తమ్ముడు. మాది గొర్రెల ఇల్లు. జమ్మలమడుగు అవతల ఒక పల్లె. ఆ ఇంట్లో పలక పట్టిన మొదటి మనిషిని నేనే. నాకు పలక కొనిచ్చింది మా నాయన, పట్టుకొని బడికి ఈడ్చుకుపోయింది మా చిన్నాయన. ఆయనకు సంతకం కూడా రాదు గాని, మంద దొడ్డిలోకి దూరుతుంటే ఒక్కసారి చూసి ఏ గొర్రె రాలేదో చెప్పేవాడు. ఏడెనిమిదేళ్ళ కిందట నేను పులివెందులలో టీచరుగా ఉన్నాను. మా ఆయన అక్కడే ఆఫీసులో గుమాస్తా. మా చిన్నాయన ప్రతి ఎండాకాలం మందను తోలుకొని మా వైపు వచ్చేవాడు. చీనీ అని పిలిచే బత్తాయి తోటల పక్కన బీడు పొలాల్లో మంద కట్టేవాడు. అంటే రాత్రిపూట గొర్రెలన్నీ రైతు చేలో పడుకుంటాయి, వాటి పెంటికలూ ఉచ్చా భూమికి బలం. నాలుగు రోజులు ఒక చేను, నాలుగు రోజులు ఇంకో చేను, అట్లా తొలకరి పడేదాకా వేముల రోడ్డు పొడుగునా ఆయన సంసారం జరిగేది. సంసారం అంటే ఒక గొంగడి, ఒక సత్తు గిన్నె, ఒక కట్టె, ఒక కుక్క.

ఆ కుక్క పేరు బూదోడు. బూడిద రంగు కాబట్టి బూదోడు, అంతకంటే ఆలోచించి పెట్టిన పేరేం కాదు. ఎడమ చెవి సగం లేదు. ఆ సగం ఎక్కడ పోయిందో మా చిన్నాయన ఏడాదికొక కథ చెప్పేవాడు. ఒక ఏడు తోడేలు, ఒక ఏడు అడవిపంది, ఒకసారి మాత్రం నిజం ఒప్పుకొని, ముళ్ళకంపలో ఇరుక్కుంది అన్నాడు. చూడటానికి అందం లేదు. కానీ వాడి మర్యాద వాడికుండేది. మా చిన్నాయన రాగి సంగటి కెలికి దించగానే మొదటి ముద్ద వాడిది. "మందను తోలేది నేను, కాసేది వాడు. కాసేటోడు ముందు తినాల" అనేవాడు. ఆయనకు జ్వరమొచ్చి గంజి తాగితే వాడికీ గంజే. కూర వండితే వాడికీ కూర. భోజనమయ్యాక ఆకూవక్కా వేసుకుంటూ సగం ఆకు తుంచి వాడి ముందర పెట్టేవాడు. వాడు వాసన చూసి, తల పక్కకు తిప్పి, మర్యాద కోసం కాసేపు అక్కడే కూర్చునేవాడు. మా ఆయనకు కుక్కలంటే చచ్చేంత భయం. ఆయన కూడా ఆ ఆకు సంగతి చూసి నవ్వేవాడు.

ఆ ఏడు ఎండాకాలం మంద వచ్చింది. ముందర రావాల్సిన బూదోడు అన్నింటికంటే వెనక వచ్చాడు. కుంటుతున్నాడనీ చెప్పలేం, బాగా నడుస్తున్నాడనీ చెప్పలేం. లేచేటప్పుడు ముందరి కాళ్ళు లేస్తాయి, వెనకవి ఇంకా లేద్దామా వద్దా అని ఆలోచిస్తుంటాయి. కూర్చుంటే మోకాలు నాకుతూనే ఉంటాడు. అక్కడ బొచ్చు ఊడి తోలు కనిపిస్తోంది. చేలో గట్టు చూసి ఒకప్పుడు ఎగిరి దాటేవాడు, ఇప్పుడు చుట్టు తిరిగి పోతున్నాడు. వాడికి అప్పటికి పదకొండేళ్ళు. "ఒక్కసారన్నా కుయ్ అనలేదే చిన్నాయనా, నొప్పి ఉందంటావా?" అని అడిగితే ఆయన నన్ను వింతగా చూశాడు. "మంద కుక్క నొప్పి చెప్తాదా పాపా? చెప్తే తోడేలు ఇంటాది" అన్నాడు.

ఆయన దగ్గర మందు కూడా తయారుగానే ఉంది. ఎర్రగా కాల్చిన కడ్డీతో తుంటి మీద వాత. మా ఇళ్ళల్లో తరతరాలుగా గొర్రెకు కుంటొస్తే వాత, ఎద్దుకు పట్టేస్తే వాత. మా నాయనకు నడుము పట్టేసినప్పుడు మా అవ్వ పెట్టిన వాత మచ్చ ఆయన పోయేదాకా అట్లే ఉంది, నడుము నొప్పి కూడా అట్లే ఉంది. ఆ రెండోది ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు. "ఇనుము ఎర్రగయితే రెండు నిమిషాల పని" అన్నాడు చిన్నాయన. ఆ కుక్క నోరు తెరిచి అరవదు. కడ్డీ ఆనించినా కదలకుండా ఆయన ముఖమే చూస్తూ నిలబడుతుంది. అదే నాకు భరించలేని సంగతి. సెలవులిచ్చారు, ఇంట్లోనే ఉన్నాను. "ఒక నెల నాకు ఇయ్యి చిన్నాయనా. డాక్టరమ్మకు చూపిస్తా. నెలకు బాగుపడకపోతే నీ ఇష్టం" అన్నాను. ఆయన చాలాసేపు గడ్డం గోక్కొని, "నెల అంటే నెలే. మళ్ళ ఇంకో నెల అనాకు" అన్నాడు. అట్లా బూదోడు మా ఇంటికి వచ్చాడు. మా ఆయన ఆ వారమంతా పెరట్లోకి కట్టె లేకుండా పోలేదు.

పశువుల ఆస్పత్రిలో డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. వాడి కాళ్ళు ఒక్కొక్కటే వంచి, చాచి, వాడి ముఖం చూస్తూ నొక్కింది. ఎక్కడో ఒకచోట వాడు మూతి నాక్కున్నాడు. "అదీ, అక్కడే" అంది ఆమె. తుంటి కీళ్ళూ, మోకాళ్ళూ అరిగిపోయి వాచినాయంట. పోయే జబ్బు కాదంట, కానీ నొప్పిని అదుపులో పెట్టుకోవచ్చంట. రక్తం తీసి పరీక్షకు పంపించి, లివరూ కిడ్నీలూ బాగున్నాయని చెప్పాకే కుక్కల మాత్ర రాసింది. దినానికి ఒక్కసారి, అది కూడా కడుపు నిండా తిన్నాక. మాత్ర కంటే మాత్రతో పాటు ఆమె చెప్పిన జాగ్రత్తలే ఎక్కువ. వాంతి చేసుకున్నా, తిండి మానేసినా, మందంగా పడుకున్నా, నీళ్ళు మరీ ఎక్కువ తాగుతున్నా, కళ్ళు పచ్చబడ్డా, పెంట నల్లగా తారులాగా వచ్చినా ఆ పూటే మాత్ర ఆపేసి తనకు ఫోన్ చెయ్యాలి. వేరే ఏ నొప్పి మాత్రా దీంతో కలపకూడదు. నేను అన్నీ బుద్ధిగా రాసుకున్నాను. మా ఆయన వాటిని ఆఫీసు సర్క్యులర్ మాదిరి మళ్ళీ అందంగా రాసి, కింద తన సంతకం కూడా చేసి, ఫ్రిజ్ తలుపుకు అంటించాడు.

ఇంట్లో టైల్సు. వాటి మీద వాడి కాళ్ళు నాలుగు దిక్కులకు జారుతుంటే, ఉన్న గోనెసంచులన్నీ విప్పి హాలు నుంచి పెరటి దాకా బాట పరిచాను. రెండు పూటలా పది నిమిషాల నడక, ఎక్కువ కాదు. సాయంత్రం వేడినీళ్ళలో ముంచి పిండిన తువ్వాలు తుంటి మీద. మొదటి రోజు తువ్వాలు వేస్తే వాడు నా వైపు తిరిగి చూసిన చూపు, ముప్పై ఏళ్ళలో ఏ విద్యార్థీ నన్ను అట్లా చూడలేదు. మధ్యాహ్నం భోజనం మాతోపాటే. పెరుగన్నంలో మాత్ర పెడితే చప్పుడు లేకుండా మింగేవాడు. సాయంత్రం మంద చేలోకి చేరాక మా చిన్నాయన అంత దూరం నుంచి నడుచుకుంటూ వచ్చేవాడు, చేతిగుడ్డలో సంగటి ముద్ద మూటగట్టుకొని. ఇంట్లో అన్నం ఉందని చెప్పినా వినడు. "వానికి ముద్ద పెట్టకుండా నాకు గొంతు దిగదు" అనేవాడు. పెరట్లో అరుగు మీద కూర్చొని తుంచి తుంచి తినిపించి, వాడి సగం చెవి సవరించి, చీకటి పడకముందే వెళ్ళిపోయేవాడు. వచ్చేటప్పుడూ పొయ్యేటప్పుడూ తన మోకాళ్ళ మీద చేతులు ఆనించుకొని లేచేవాడు. అది నేను చూశాను, చూసి ఏమీ అడగలేదు. కుక్కను డాక్టరు దగ్గరికి తీసుకుపోయినదాన్ని, ఆ మనిషిని తీసుకుపోవాలని తోచలేదు.

పది దినాల్లో బూదోడు మారిపోయాడు. వెనక కాళ్ళు ఆలోచించడం మానేశాయి. పిలిస్తే తోక ఒక్కటే కాదు, నడుమంతా ఊపుకుంటూ వచ్చేవాడు. ఒకరోజు పొద్దున గేటు దగ్గర పిల్లిని చూసి నాలుగడుగులు పరుగు పెట్టాడు. ఏనుగెక్కినంత సంబరంగా నేను డాక్టరమ్మకు ఫోన్ చేసి చెప్పాను. మా ఆయన ఆ మార్పంతా తన సర్క్యులర్ వల్లేనన్నాడు. చిన్నాయన మాత్రం తనలో తాను నవ్వుకున్నాడు. ఆ నవ్వు ఏంటో నాకు అప్పుడు అర్థం కాలేదు. వాత మాట ఓడిపోయినందుకు సిగ్గేమో అనుకున్నాను.

మూడో వారంలో పెంట నల్లబడింది. నేను చూశాను. చూడలేదని అబద్ధం చెప్పను. ఫ్రిజ్ తలుపు మీద రాసిన మాట నాకు గుర్తుంది. కానీ మా వైపు కుక్క తినేది రాగి సంగటి. రాగులు తిన్న పెంట ఎప్పుడూ నలుపు కలిసిన రంగులోనే ఉంటుంది. మా ఇంటికి రాకముందు కూడా వాడిది అదే రంగు. మా ఆయన్ను పిలిచి చూపిస్తే, ఆయన ముక్కు మూసుకొని నాలుగు గజాల దూరం నుంచి చూసి, "రాగులే" అని తీర్పు చెప్పాడు. నాకు కూడా ఆ జవాబే కావాలి. ఎందుకంటే మాత్ర ఆపితే నొప్పి మళ్ళీ వస్తుంది, నొప్పి వస్తే నెల తిరిగేసరికి కడ్డీ వస్తుంది. బాగుపడుతున్నాడన్న సంతోషంలో మనిషి కళ్ళు తనకు కావాల్సిందే చూస్తాయి. మరుసటి రోజు వాడు పెరుగన్నం సగం వదిలేశాడు. ఎండ ఎక్కువ కదా అనుకున్నాను. ఆ మరుసటి రోజు పొద్దున వాంతి చేసుకొని గోనెసంచి మీద అట్లే పడుకున్నాడు. పిలిస్తే తోక ఒక్కసారి నేలకు కొట్టి ఊరుకున్నాడు. మాత్ర ఆపేసి డాక్టరమ్మకు ఫోన్ చేద్దామని లోపలికి పోతుంటే, గేటు చప్పుడై చిన్నాయన వచ్చాడు. పొద్దునపూట ఆయన ఎప్పుడూ రాడు. నిన్న సాయంత్రం వాడు ముద్ద తినలేదని, మనసు పట్టక మందను పక్క చేను మంద ఆయనకు అప్పగించి వచ్చాడంట.

ఆయన కుక్క దగ్గరికి పోలేదు. నేరుగా పెరటి మూలకు పోయాడు. నేను తీసి పారెయ్యకుండా మిగిలిన పెంట ముందర గొంతుక్కూర్చున్నాడు. గొర్రెల కాపరికి పెంటికలే పేపరు. గొర్రె ఏం మేసిందో, కడుపులో పురుగుందో, నీళ్ళు చాలాయో లేదో, నేల మీద పెంటికలు చూసే చెప్తారు. ఆయన ఒక పుల్ల తీసుకొని దాన్ని విడదీశాడు, వాసన చూశాడు. బట్టలుతికే బండ మీద కొంచెం రాసి, చెంబుతో నీళ్ళు చిలకరించాడు. ఆ నీళ్ళు బండ మీద పారుతుంటే అంచుల్లో ఎరుపు కనిపించింది.

"ఇది రాగుల నలుపు గాదు పాపా" అన్నాడు, తల ఎత్తకుండానే. "రాగులదైతే పొడిపొడిగా ఇరుగుతాది, రంగు మట్టి రంగు. ఇది జిగట. మెరుస్తాంది చూడు. లోపల యాడనో నెత్తురు కారతాంది."

మా ఆయన భయం మర్చిపోయి కుక్కను రెండు చేతులా ఎత్తుకున్నాడు. పెళ్ళయి అన్నేళ్ళకు ఆయన ఒక కుక్కను తాకడం అదే మొదటిసారి. ఆటోలో దారి పొడుగునా వాడి తల ఆయన ఒళ్ళోనే. నేను దారంతా నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను. పంతులమ్మను, రాసుకున్నదాన్ని, చదువుకున్నదాన్ని. నల్లగా తారులాగా అని ఆమె చెప్పనే చెప్పింది.

డాక్టరమ్మ వాడి పెదవి ఎత్తి చిగుళ్ళు చూసింది. పాలిపోయి ఉన్నాయి. మేము చెప్పింది విని, మాత్ర లెక్క ప్రకారమే ఇచ్చామని తెలుసుకొని, ఇంత తొందరగా ఇట్లా కాకూడదే అనుకుంది. "దీంతో పాటు ఇంకేమన్నా పెట్టినారా? నాటుమందు గాని, పసరు గాని?" అని అడిగింది. నేను లేదన్నాను. మా ఆయన లేదన్నాడు. చిన్నాయన ఏమీ దాచుకోకుండా, అడిగింది చెప్పే మనిషి లాగా, రొండిన దోపుకున్న గుడ్డ విప్పి ఒక మాత్రల అట్ట తీసి బల్ల మీద పెట్టాడు. ఎర్ర మాత్రలు. సగం అయిపోయాయి.

"నా మోకాళ్ళకు ఊరి డాక్టరు ఇచ్చినాడు తల్లీ. శానా బాగా పన్జేస్తాంది. సగం నేను ఏసుకొని, సగం వానికి ముద్దలో పెడ్తాండా."

డాక్టరమ్మ అట్ట తిప్పి మాత్ర పేరు చదివింది. "ఎన్ని రోజుల నుంచి తాతా?" అని నెమ్మదిగా అడిగింది. మా ఇంటికి వచ్చిన మూడో రోజు నుంచి అన్నాడు. నాకు ఎందుకు చెప్పలేదు అని నేను గట్టిగా అడిగాను. ఆయన నా వైపు తిరిగి చూసిన చూపులో అర్థంకాకపోవడం తప్ప ఇంకేం లేదు. "చెప్పేదేముంది పాపా? వానికి పెట్టకుండా నేను ఎప్పుడన్నా ఏమన్నా తిన్యానా?" అన్నాడు. నిజమే. గంజి సగం ఇచ్చినవాడు, ఆకు సగం ఇచ్చినవాడు, నొప్పి తగ్గించే మాత్ర ఒక్కడే ఎట్లా వేసుకుంటాడు? మధ్యాహ్నం నేనొక మాత్ర, సాయంత్రం ఆయన అరమాత్ర, అదీ కుక్కల కడుపు అరగదీసే మాత్ర. పది దినాల్లో బూదోడు గంతులేసింది అందుకే. మేమంతా ఎవరి గొప్ప వాళ్ళం చెప్పుకున్న ఆ పది దినాలూ వాడి కడుపులో పుండు పడుతోంది. తిలాపాపం తలా పిడికెడు.

డాక్టరమ్మ ఆయన్ను ఒక్క మాట కూడా అనలేదు. మనుషుల మాత్ర కుక్క ఒంట్లో ఎట్లా తిరగబడుతుందో రెండు ముక్కల్లో చెప్పి, రెండు మాత్రలూ ఆపించి, వాడికి సెలైన్ ఎక్కించింది. కడుపు పుండు మానే మందులు ఇచ్చింది. రక్తం మళ్ళీ పరీక్షకు పంపింది. కిడ్నీలు దెబ్బతినకుండా ఉంటే బయటపడతాడు, మూడు రోజులు చూడాలి అంది. చిన్నాయన అప్పటిదాకా నిలబడే ఉన్నాడు. అది విని గోడకు ఆనుకొని కిందికి జారి కూర్చున్నాడు. "నా చేత్తోనే పెట్టినానే పాపా" అన్నాడు. "వాడు నన్ను చూసే నోరు తెరిసినాడు." అంతే. ఆయన మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. ఆ రక్తాన్ని పట్టుకుంది కూడా ఆయన చెయ్యే కదా. నేనైతే ఫోన్ చేసినా ఆ నలుపును రాగులేనని చెప్పేదాన్ని. సాయంత్రానికి ఇంకో అరమాత్ర పడేది.

ఆ మూడు రోజులూ పొద్దున పూట వాణ్ణి ఆస్పత్రికి తీసుకుపోవడం, సెలైన్ అయ్యాక ఇంటికి తేవడం. మందను పక్క మంద ఆయన చూసుకున్నాడు. చిన్నాయన మా పెరట్లోనే ఉన్నాడు. అన్నం పెడితే కంచం ముందర కూర్చుంటాడు, మొదటి ముద్ద చేతిలో పట్టుకుంటాడు, ఎవరికి పెట్టాలో తెలియక అట్లే చూస్తాడు. నేను తినమని బతిమాలితే నాలుగు మెతుకులు తినేవాడు. ప్రతి పూటా పుల్ల పట్టుకొని పెరటి మూలకు పోయేవాడు. రెండో రోజు రక్తపరీక్ష వచ్చింది. కిడ్నీలు బాగున్నాయి. ఆ మాట విన్నాక కూడా ఆయన ముఖం విప్పుకోలేదు. కాగితం ఆయనకు లెక్కలేదు. మూడో రోజు పొద్దున బూదోడు లేచి, తనంతట తానే గోనెసంచుల బాట మీద నడిచి, పెరటి మూలకు పోయి వచ్చాడు. చిన్నాయన పోయి గొంతుక్కూర్చున్నాడు. పుల్లతో విడదీసి, బండ మీద రాసి, నీళ్ళు పోశాడు. ఎంతసేపు చూశాడో. మేమిద్దరం పరీక్షా ఫలితాల కోసం నిలబడిన పిల్లల మాదిరి వెనక నిలబడ్డాం.

"మట్టి రంగు" అన్నాడు. ఆ రెండు మాటలకు నాకు ప్రాణం లేచి వచ్చింది. ఏడుపొచ్చింది, నవ్వు కూడా వచ్చింది. పెంట చూసి ఇంత ఆనందపడే ఇల్లు పులివెందుల మొత్తంలో మాదొక్కటే అని మా ఆయన అన్నాడు. నేను ఉడికించిన కోడిగుడ్డు కలిపిన మెత్తటి అన్నం పళ్ళెంలో పెట్టాను. బూదోడు పళ్ళెం దగ్గరికి రాకుండా చిన్నాయన ముందర కూర్చొని ఆయన చేతుల వైపు చూశాడు. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "నా చేత్తో వద్దు పాపా, నువ్వే పెట్టు" అన్నాడు. నేను పెడితే వాడు తినలేదు. చివరికి ఆయన ఒక ముద్ద తీసి చాపితే, ఎప్పటిలాగే వాసన కూడా చూడకుండా తినేశాడు. కుక్కలకు మన తప్పులు గుర్తుంచుకునే తీరిక ఉండదు. చిన్నాయన ఆ రోజు కడుపునిండా తిన్నాడు. నేను రెండుసార్లు వడ్డించాను.

ఆ పూట డాక్టరమ్మకు చూపించడానికి పోయినప్పుడు ఆమె వాణ్ణి చూసి సంతోషపడి, పెంట సంగతి చిన్నాయన ఎట్లా కనిపెట్టాడో అడిగి విపులంగా చెప్పించుకుంది. మాకు కాలేజీలో రంగు చెప్పారు గాని రాగుల లెక్క చెప్పలేదు తాతా అంది. ఆయన కొంచెం పొంగిపోయాడు. అప్పుడు ఆమె మామూలుగా అడిగినట్టే అడిగింది: "ఆ ఎర్ర మాత్ర నువ్వు తిన్నాక ఏసుకుంటాండావా, పరగడుపున ఏసుకుంటాండావా?" పరగడుపున అన్నాడు, అప్పుడే బాగా పట్టుకుంటుందని. "మరి కుక్కది చూస్తివి గదా, నీది ఎప్పుడన్నా చూసుకున్యావా?" అంది. ఆ మధ్యాహ్నమే ఆయన్ను మనుషుల ఆస్పత్రికి తీసుకుపోయాం. ఆయనకూ కడుపులో పుండు మొదలైంది, ముదరకముందే దొరికింది. ఆ డాక్టరు మాత్ర మార్చి, తిన్నాకే వేసుకొమ్మని గట్టిగా చెప్పాడు. బయటికి వస్తూ, "వాడు నా కంటే ముందర పడి నాకు దారి చూపిచ్చినాడు. మంద కుక్క బుద్ధి పోనిచ్చుకోల్యా" అన్నాడు.

కొన్ని వారాలు ఎడం ఇచ్చి, రక్తం మళ్ళీ చూసి, డాక్టరమ్మ వేరే మందు తక్కువ మోతాదుతో మొదలుపెట్టింది. ఈసారి బూదోడు పది దినాల్లో గంతులు వెయ్యలేదు. రోజుకు కొంచెం చొప్పున మెల్లగా తేరుకున్నాడు. మా ఇంటి పెరుగన్నానికి బరువెక్కితే, "కుక్కను సాకినావా, దూడను సాకినావా?" అని చిన్నాయన నన్నే తిట్టి, వాడి అన్నం తగ్గించాడు. నేను అడిగిన నెల ఎప్పుడో దాటిపోయింది. ఆయన కడ్డీ మాట మళ్ళీ ఎత్తలేదు, నేనూ గుర్తు చెయ్యలేదు. తొలకరి పడి మంద జమ్మలమడుగు వైపు తిరిగి పోయేనాడు, వాణ్ణి మా దగ్గరే ఉంచుకుంటానని అడిగాను. మా ఆయన నాకంటే ముందే అడిగాడు. చిన్నాయన వినలేదు. మందులు గుడ్డలో కట్టించుకొని, కుక్కవి ఒక ముడి, తనవి ఒక ముడి వేసి, రెండూ ఎప్పుడూ కలవకుండా రెండు పక్కలా దోపుకున్నాడు. ఊరి నుంచి పిలిపించిన కొడుకు ఇప్పుడు మందను తోలుతున్నాడు, తనూ బూదోడూ వెనక నడుస్తామన్నాడు.

ఆ పొద్దు వేముల రోడ్డు మలుపు దాకా నేనూ పోయాను. మంద దుమ్ము రేపుకుంటూ ముందుకు పోయింది. వెనక వాళ్ళిద్దరూ. ఆయన ఆగితే వాడు ఆగేవాడు, వాడు కూర్చుంటే ఆయన కట్టె మీద ఆనుకునేవాడు. ఆ తర్వాత వాడు ఇంకో రెండు ఎండాకాలాలు మా ఇంటికి వచ్చాడు. లేచిన ప్రతిసారీ ముందర ఒళ్ళు విరుచుకొని, ఒక అడుగు వేసి చూసుకొని, నొప్పి లేదని తేలాక తోక ఊపేవాడు. కాలాన్ని ఏళ్ళల్లో లెక్కపెట్టడం ముప్పై ఏళ్ళు పిల్లలకు నేర్పాను. అట్లా తోక ఊపిన పొద్దుల్లో లెక్కపెడితే, ఆ రెండేళ్ళు చాలా పెద్దవి.